కార్తీకంలో కొత్త అద్దె ఇల్లు, అమ్మానాన్న వస్తున్నారు: బెంగళూరులో ఏం చేద్దాం?

కదిరి_మల్లె · గురువారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ మారతహళ్ళిలో పీజీలో ఉన్నాను. ఇప్పుడు మున్నేకొళాలలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాను. ఒక గది, హాలు, వంటిల్లు, రెండు కుర్చీలు పట్టే బాల్కనీ, అంతే. కానీ తాళంచెవి చేతికొచ్చిన దగ్గర్నుంచి ఆఫీసులో కూర్చున్నా ఏ గోడకు ఏం తగిలించాలి, కరివేపాకు కుండీ ఎక్కడ పెట్టాలి అనే ఆలోచనే. ఇంకా దిగలేదు. కార్తీక మాసం కదా, వచ్చే బుధవారం మంచిరోజు, పాలు పొంగించి దిగుదువు అని అమ్మ చెప్పింది.

అమ్మ, నాయన ఇద్దరూ వస్తున్నారు. నాయన చెనక్కాయ (వేరుశనగ) రైతు. ఈసారి కాయ ఇంటికి చేరిపోయింది కాబట్టి పది రోజులు ఉంటానని ఒప్పుకున్నాడు. నాకు తెలిసి ఆయన ఊరు వదిలి అన్ని రోజులు ఎక్కడా ఉండలేదు. బెంగళూరుకు ఇంతకుముందు వచ్చింది కూడా ఎవరికో ఆసుపత్రి పని పడితేనే, ఊరు చూడడానికి కాదు.

నా ఇబ్బంది ఏమిటంటే బుధవారం తప్ప నాకు లీవు దొరకదు, రిలీజ్ ఉంది. పగలంతా వాళ్ళిద్దరే ఇంట్లో ఏం చేస్తారు? పెద్ద ఫంక్షన్ ఏమీ వద్దు, అంత డబ్బూ లేదు, కానీ నాకు మాత్రం ఇది పండగే. మీ వాళ్ళు వచ్చినప్పుడు మీరేం చేశారు, మామూలు రోజుల్లో ఈ ఊళ్ళో మీకు ఏది సంతోషం, అన్నీ రాయండి. అన్నీ నోట్ చేసుకుంటాను.

ఇందిరానగర్_ఇడ్లీ · గురువారం రాత్రి 11:05

కంగ్రాట్స్ అండీ! తిండితో మొదలుపెడదాం, అమ్మానాన్న వస్తే అదే కదా మొదటి పని.

శని, ఆదివారాల్లో ఒక పొద్దున గాంధీబజార్ విద్యార్థి భవన్‌కి తీసుకెళ్ళండి. 1943 నుంచి ఉన్న హోటల్. సర్వర్ చేతి మీద దోశ ప్లేట్లు వరసగా పేర్చుకుని ఒక్కటి కూడా జారకుండా నడిచొస్తుంటే పెద్దవాళ్ళు ముచ్చటగా చూస్తారు. శుక్రవారం మాత్రం వెళ్ళకండి, సెలవు. లాల్‌బాగ్ రోడ్డు ఎంటీఆర్ ఇంకా పాతది, 1924. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం దొరకని రోజుల్లో రవ్వతో ఇడ్లీ చేయడం అక్కడే మొదలైందని చెబుతారు, నెయ్యి వేడిగా పోసి ఇస్తారు. మధ్యాహ్నం మన భోజనమే కావాలంటే రెసిడెన్సీ రోడ్డు నాగార్జున. అరిటాకు, కందిపొడి, నెయ్యి, పప్పు. ఆకు ముందు కూర్చోగానే ఇంట్లో కూర్చున్నట్టు ఉంటుంది.

సాయంత్రం ఏదైనా మాల్‌కి వెళ్ళొచ్చు, ఏసీలో కాసేపు తిరిగినట్టు ఉంటుంది.

సిల్క్‌బోర్డ్_బాటసారి · శుక్రవారం ఉదయం 8:15

ఇడ్లీ గారి తిండి లిస్టుకు నా ఓటు. మాల్ దగ్గర మాత్రం ఒప్పుకోను. మా అమ్మానాన్న రాజమండ్రి నుంచి ఏటా వస్తారు, కాబట్టి చూసిన విషయమే చెబుతున్నాను. మాల్‌లో మా అమ్మ ప్రతి షాపు ముందు ఆగి రేటు చూసి "అమ్మో" అంటుంది, నాన్న కూర్చోవడానికి బెంచీ వెతుక్కుంటాడు, ఇంటికొచ్చాక ఇద్దరికీ కాళ్ళ నొప్పులు. వాళ్ళ కోసం తిప్పుతున్నామని మనం అనుకుంటాం, వాళ్ళేమో మన కోసం తిరుగుతుంటారు.

పెద్దవాళ్ళకు ఇష్టం లేనిది ఒక్కటే, పని లేకుండా కూర్చోవడం. ఇంట్లో ఒక పని పూర్తిగా వాళ్ళకు వదిలేయండి. మా నాన్నకు కూరగాయల పని అప్పజెప్పేశాను. పొద్దున్నే సంచీ తీసుకుని బయల్దేరతాడు, వీధి చివర హాప్‌కామ్స్ బూత్‌లో బోర్డు మీద రేట్లు చూస్తాడు, బండి దగ్గర అవే కూరలు ఎంతకిస్తున్నాడో అడుగుతాడు, తేడా నాకు చెబుతాడు. వారం తిరిగేసరికి ఆ బూత్ అబ్బాయి పేరు, ఊరు, పిల్లలేం చదువుతున్నారో అన్నీ ఆయనకు తెలుసు. నేను ఆ వీధిలో ఇన్నేళ్ళుగా ఉంటున్నాను, నాకు ఆ అబ్బాయి ముఖం తప్ప ఇంకేం తెలీదు. మీ నాన్నగారు రైతు అంటున్నారు కాబట్టి ఇంకా బాగుంటుంది. హాప్‌కామ్స్ అంటే తోటల రైతుల సహకార సంఘం, 1959లో మరీగౌడ గారు పెట్టించారు, రైతు దగ్గర నేరుగా కొని అమ్ముతారు. మీ నాన్నగారు బూత్ ముందు అరగంట నిలబడకపోతే నన్నడగండి.

ఇంకోటి. మారతహళ్ళి పక్కనే విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్ వాళ్ళ మ్యూజియం ఉంది, పాత విమానాలు, హెలికాప్టర్లు దగ్గర్నుంచి చూడొచ్చు. మా పాపకీ మా నాన్నకీ ఇద్దరికీ ఇష్టమైన చోటు అదొక్కటే. సాయంత్రం మేడ మీదికెక్కితే చాలు, హెచ్‌ఏఎల్ నుంచి లేచే హెలికాప్టర్లు కనిపిస్తాయి. నేను ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే పాపను ఎత్తుకుని మేడెక్కుతాను. మీరడిగిన మామూలు రోజు సంతోషం నాకైతే అదే.

వరంగల్_పోరడు · శుక్రవారం ఉదయం 9:30

అక్కా ముందుగా శుభాకాంక్షలు. సొంతంగా ఇల్లు తీసుకోవడం చిన్న విషయం కాదు.

మేం ఎలక్ట్రానిక్ సిటీలో నలుగురం ఒక ఫ్లాట్‌లో ఉంటాం. ఆదివారం పొద్దున ఒకరు మటన్‌కి, ఒకరు కొత్తిమీర, పుదీనాకి, మిగతా ఇద్దరు ఉల్లిగడ్డలు కోయడానికి. వండుతున్నంతసేపూ మా అమ్మ వీడియో కాల్‌లోనే ఉంటుంది, ఫోను ఉప్పు డబ్బాకు ఆనించి పెడతాం. "ఇంకా మగ్గలే, మూత పెట్టు" అని అక్కడ్నుంచే చెబుతుంది. చూస్తే చెప్పేస్తుంది, ఎలాగో తెలీదు. మా ఫ్రెండ్స్ అందరూ ఆమెను అమ్మా అనే పిలుస్తారు. పోయిన నెల మావాడొకడికి ప్రమోషన్ వస్తే కేకు కూడా తేలేదు, మా అమ్మ చెప్పిన కొలతతో సకినాలు చేశాం. గుండ్రంగా రాలేదు, రుచి మాత్రం సరిగ్గా వచ్చింది.

మల్లేశ్వరం_అత్తయ్య · శుక్రవారం మధ్యాహ్నం 2:20

అమ్మాయీ, చాలా సంతోషం. నేను ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగుదాన్ని, మా తాతగారు చిత్తూరు నుంచి వచ్చి స్థిరపడ్డారు. అద్దె ఇల్లయినా దిగేది నువ్వే కదా, పాలు పొంగించడం శ్రద్ధగా చెయ్యి.

గడపకు పసుపు, కుంకుమ, గుమ్మానికి మామిడాకుల తోరణం. ముందు దేవుడి పటం, దీపం, నీళ్ళ బిందె, ఉప్పు, పసుపు, బియ్యం లోపలికి తీసుకెళ్ళాలి, మిగతా సామాను తరవాత. కొత్త గిన్నె కొనుక్కో. పాలు పలచనివి వద్దు, నందిని శుభం ప్యాకెట్ తీసుకో, చిక్కగా ఉంటాయి, చక్కగా పొంగుతాయి. పొంగిన పాలతోనే పరమాన్నం వండి ముందు దేవుడికి, తరవాత ఇంటి ఓనరు వాళ్ళకీ పక్కింటి వాళ్ళకీ తలా ఒక గిన్నె. ఓనరమ్మను పిలిచి మీ అమ్మగారి చేత పసుపు కుంకుమ, తాంబూలం ఇప్పించు. కన్నడం వాళ్ళకూ ఈ మర్యాద ఉంది, ఎంతో సంతోషిస్తారు. ఆ ఒక్క పనితో నువ్వు ఆఫీసుకెళ్ళిన పూట మీ అమ్మకు పలకరించే మనిషి దొరుకుతుంది.

కదిరి_మల్లె · శుక్రవారం సాయంత్రం 7:10

అత్తయ్యగారూ, థాంక్యూ అండీ. ఒక సందేహం. గ్యాస్ కనెక్షన్ ఇంకా రాలేదు, ప్రస్తుతానికి ఇండక్షన్ స్టవ్ మాత్రమే ఉంది. దాని మీద పాలు పొంగించొచ్చా? అమ్మ నిప్పు లేకుండా ఎలా అని ఫోన్లో ఒకటే టెన్షన్ పడుతోంది.

ఇందిరానగర్_ఇడ్లీ · శుక్రవారం సాయంత్రం 7:25

నేను ఇండక్షన్ మీదే పొంగించాను, ఏమీ కాలేదు. పాలు పొంగి స్టవ్ మీద పడగానే అది బీప్ కొట్టి ఆగిపోతుంది, అంతే. తుడిచి మళ్ళీ ఆన్ చేయండి.

సిల్క్‌బోర్డ్_బాటసారి · శుక్రవారం రాత్రి 8:00

స్టవ్ సంగతి కాదు, వాళ్ళమ్మగారి మనసు సంగతి చూడాలి. ఆవిడకు నిప్పు కావాలంటే నిప్పే పెట్టండి. ఓనరు వాళ్ళను అడిగితే ఒక గంట చిన్న సిలిండరు స్టవ్ ఇవ్వరా ఏంటి?

మల్లేశ్వరం_అత్తయ్య · శుక్రవారం రాత్రి 8:45

ఓనరు వాళ్ళను అడగడమే మంచిది. దొరక్కపోతే ఇటుకలు పెట్టి బాల్కనీలో మంట వేసే ఆలోచన మాత్రం చేయొద్దు, ఫ్లాటుల్లో ప్రమాదం. ఇండక్షన్ పక్కన ఆవునేతి దీపం వెలిగించి పెట్టుకో, అగ్ని సాక్షి ఉన్నట్టే. మా మనవరాలు వైట్‌ఫీల్డ్‌లో అలాగే చేసింది, పురోహితులు కూడా సరేనన్నారు. కార్తీకం కాబట్టి ఆ దీపం సాయంత్రం తులసి దగ్గర పెట్టుకోవచ్చు.

పొద్దుటి_పరుగు · శనివారం ఉదయం 6:50

లాల్‌బాగ్ తోట పేరు ఎవరూ ఎత్తకపోవడం చూసి రాస్తున్నాను. రైతు కుటుంబం బెంగళూరు వస్తే మొదట చూడాల్సింది అదే అని నా గట్టి నమ్మకం. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. గాజు మేడ 1889లో కట్టారు. దాన్ని చూసి వెనక్కి వచ్చేయకండి. లోపల ఉన్న రాతి గుట్ట ఎక్కండి, ఆ రాయి వయసు 300 కోట్ల సంవత్సరాలు అని భూగర్భ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పైన కెంపేగౌడ పేరుతో ఉన్న చిన్న గోపురం దగ్గర నిలబడితే ఊరు నాలుగు దిక్కులా కనిపిస్తుంది. మా నాన్న అక్కడ చెట్లకు కట్టిన పేరు పలకలు ఒక్కొక్కటీ చదువుతూ నడిచాడు, గేటు దగ్గరకు వచ్చేసరికి ఎండెక్కింది.

మున్నేకొళాల నుంచి కుందలహళ్ళి స్టేషన్‌కి ఆటోలో వెళ్ళి పర్పుల్ లైన్ ఎక్కండి. 2023 అక్టోబరు నుంచి వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా మధ్యలో ఎక్కడా దిగకుండా వెళ్ళొచ్చు. మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మారితే లాల్‌బాగ్ పేరుతోనే స్టేషన్ ఉంది. ట్రాఫిక్ టెన్షన్ ఉండదు. పెద్దవాళ్ళకు మెట్రో కూడా చూసే వస్తువే, కిటికీ దగ్గర కూర్చోబెట్టండి.

ఆదివారం ఇంకాస్త తీరిక ఉంటే కబ్బన్ పార్క్. ఆ రోజు లోపలి రోడ్ల మీద వాహనాలు రానివ్వరు. అమ్మానాన్నలు హారన్ మోత లేకుండా రోడ్డు మధ్యలో నడుస్తారు, పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటారు. నేను వారమంతా పరిగెత్తేది ఆఫీసు కోసం, ఆదివారం పొద్దున ఆ వెదురు పొదల పక్కన పరిగెత్తేది నా కోసం.

గౌరిబిదనూరు_గాలి · శనివారం ఉదయం 10:15

నమస్కారం. మాది కర్ణాటకే, ఇంట్లో మాట్లాడేది తెలుగు. మీవాళ్ళు వచ్చే తేదీలు చూస్తుంటే నాకు భలే సంతోషంగా ఉంది, ఎందుకంటే చెనక్కాయ రైతు బెంగళూరు రావడానికి ఏడాదిలో ఇంతకంటే మంచి వారం లేదు!

మొదటిది కృషి మేళా. బళ్ళారి రోడ్డులో హెబ్బాళ దాటాక జీకేవీకే ఉంది, వ్యవసాయ విశ్వవిద్యాలయం. ప్రతి నవంబరులో నాలుగు రోజులు మేళా పెడతారు, ఈసారి మీ గృహప్రవేశం మర్నాడే మొదలు. కొత్త విత్తనాలు, ట్రాక్టర్లు, డ్రిప్పు, కోళ్ళు, గొర్రెలు, పొలంలో పెంచి చూపించే రకాలు, అన్నీ ఉంటాయి. శాస్త్రవేత్తలే నిలబడి జవాబు చెబుతారు. మీ నాన్నగారికి పూట సరిపోదు, రోజంతా పెట్టుకోండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోమనండి, నడక ఎక్కువ.

రెండోది బసవనగుడి కడలేకాయి పరిషె, అంటే చెనక్కాయల జాతర. కార్తీక మాసం చివరి సోమవారం. దొడ్డ బసవన్న గుడి రోడ్డు పొడుగునా రెండు పక్కలా చెనక్కాయల రాశులే. కథ ఏమిటంటే, ఒకప్పుడు ఆ చుట్టుపక్కల సుంకేనహళ్ళి, గుట్టహళ్ళి లాంటి పల్లెల్లో చెనక్కాయ పండించేవారు. పండిన చేను రాత్రికి రాత్రి ఒక ఎద్దు మేసిపోయేదట. చివరికి ఆ బసవన్నకే మొదటి పంట ఇస్తామని రైతులు మొక్కుకున్నారు, కెంపేగౌడ 1537లో గుడి కట్టించాడంటారు. ఆ పల్లెలు ఊళ్ళో కలిసిపోయి ఇళ్ళయ్యాయి, చేలు లేవు, అయినా మొక్కు ఆగలేదు. ఇప్పుడు కోలారు, చింతామణి, తుమకూరు నుంచి, తమిళనాడు, ఆంధ్ర నుంచి కూడా రైతులు లారీల్లో తెస్తారు. పచ్చివి, వేయించినవి, ఉడకబెట్టినవి సేరు లెక్కన అమ్ముతారు. కోలారు, చింతామణి వాళ్ళలో చాలామందికి తెలుగు వచ్చు, మీ నాన్నగారికి మాటల కరువు ఉండదు. సోమవారం జనం విపరీతంగా వస్తారు. అసలు పరిషె శనివారం నుంచే మొదలైపోతుంది, ఆదివారం పొద్దున్నే వెళితే హాయిగా చూడొచ్చు.

కదిరి_మల్లె · శనివారం ఉదయం 10:40

ఇది చదివి ఆఫీసు బస్సులో కూర్చుని కళ్ళల్లో నీళ్ళొచ్చాయి అండీ. ఈ ఊళ్ళో నాయనకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదనుకున్నాను. వెంటనే ఫోన్ చేసి చెప్పాను. "బెంగళూరులో చెనక్కాయల జాతరా?" అని మూడుసార్లు అడిగాడు.

వరంగల్_పోరడు · శనివారం ఉదయం 11:00

అక్కా ఫోటోలు పెట్టాలి. మేం కూడా పరిషెకి వస్తాం, మా రూమ్‌లో ఒకడికి ఉడకబెట్టిన పల్లీలంటే ప్రాణం.

చెన్నై_వేలచ్చేరి · శనివారం మధ్యాహ్నం 1:30

మీ ఊరి చర్చలో చెన్నై నుంచి ఒక మాట. మా అమ్మ నెల్లూరు నుంచి వచ్చినప్పుడు నేను ఎక్కువ ప్లాన్లు పెట్టను. సాయంత్రం ఆఫీసు అవగానే ఎలియట్స్ బీచ్, ఇసుకలో కూర్చుని మాంగా సుండల్ (మామిడి ముక్కలు వేసిన గుగ్గిళ్ళు) తినడం, చీకటి పడ్డాక ఇంటికి. ఒక్కోరోజు మాట్లాడుకోం కూడా. ఆవిడ అలలు చూస్తుంది, నేను ఆవిడ పక్కన ఉంటాను. వారం ముగిశాక "ఈసారి బాగా తిప్పావురా" అంటుంది. అందుకే కదిరి మల్లె గారూ, పగలు లీవు దొరకలేదని బాధపడకండి. సాయంత్రం ఏడు తరవాత ఫోను, ల్యాప్‌టాప్ పక్కన పడేస్తే అదే పెద్ద లీవు.

సిల్క్‌బోర్డ్_బాటసారి · శనివారం మధ్యాహ్నం 2:10

అందరికీ ఒక గుర్తు, ఊరి రాకపోకల ఊసు వచ్చింది కాబట్టి చెబుతున్నా. 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పాత 120 రోజులు కాదు. అంటే సంక్రాంతికి వెళ్ళేవాళ్ళకు ఈ నవంబరు రెండో వారంలోనే పొద్దున ఎనిమిదింటికి పోటీ. శేషాద్రి, ప్రశాంతి రెండూ నిమిషాల్లో అయిపోతాయి. మేళాలో ఉన్నా సరే ఆ సమయానికి ఫోను చేతిలో ఉంచుకోండి. ఇంట్లో వాళ్ళకు టికెట్ కన్ఫర్మ్ అయిందని చెప్పిన రోజు నుంచే అక్కడ పండగ మొదలవుతుంది, మా అమ్మ ఆ రోజే అరిసెల బియ్యం గురించి మాట్లాడుతుంది.

కదిరి_మల్లె · బుధవారం రాత్రి 9:50

పాలు పొంగాయి! ఓనరమ్మ తన స్టవ్వే పైకి పంపించారు, అడిగీ అడగకముందే. తెల్లవారకముందే లేచి అమ్మ గడప కడిగి ముగ్గు పెట్టింది. నాయన ఊరి నుంచి మామిడాకులు తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. నేను ఇక్కడ కొంటానన్నా వినలేదు. పాలు తూర్పు వైపు పొంగాయి, అమ్మ ముఖం చూడాలి మీరు.

పరమాన్నం పంచడానికి వెళితే ఎదురింటి వాళ్ళు ధర్మవరం వాళ్ళని తేలింది. వాళ్ళమ్మ, మా అమ్మ గంటసేపు మెట్ల మీదే నిలబడి మాట్లాడుకున్నారు, చుట్టరికం దాకా వెళ్ళింది వ్యవహారం. సాయంత్రం ఓనరమ్మ వచ్చారు. అమ్మకు కన్నడం రాదు, ఆవిడకు తెలుగు కొంచెమే వచ్చు, అయినా తాంబూలం తీసుకుని మల్లెపూలు, కొబ్బరి, రవిక గుడ్డ అమ్మ చేతిలో పెట్టి వెళ్ళారు. అవన్నీ ముందే తయారు చేసుకుని వచ్చారన్నమాట.

రేపు ఆఫీసు. నాయనకు కూరగాయల పని అప్పజెప్పాను, సిల్క్‌బోర్డ్ అన్నా.

మల్లేశ్వరం_అత్తయ్య · బుధవారం రాత్రి 10:05

పదికాలాలు చల్లగా ఉండు తల్లీ.

కదిరి_మల్లె · సోమవారం రాత్రి 11:15

అందరికీ ఆలస్యంగా రాస్తున్నాను, కానీ అన్నీ చెప్పాలి.

శనివారం కృషి మేళా. గేటు దగ్గర నాయన నా చెయ్యి పట్టుకున్నాడు, జనం ఎక్కువున్నారని. లోపలికి వెళ్ళాక చెయ్యి వదిలేసి నాకంటే ముందు నడిచాడు. మా కదిరిలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది, కదిరి-6 అనే చెనక్కాయ రకం అక్కడిదే, నాయన వేసేదీ అదే. అక్కడ నూనెగింజల స్టాలులో ఒక సారుతో ఈ రకాల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. వానలు వెనకబడితే ఊడ ఎలా దిగుతుంది, ఆకుమచ్చ ఎప్పుడొస్తుంది, కాయలో గింజ ఎంత నిండుతుంది. ఆ సారు తెలుగులో జవాబు చెప్పారు. కాసేపటికి చుట్టూ ఉన్న రైతులు నాయననే అడగడం మొదలుపెట్టారు. నేను ఆఫీసులో నా మేనేజరు క్లయింటుకు ప్రెజెంటేషన్ ఇవ్వడం చూస్తుంటాను, ఆ రోజు నాయన అంతకంటే తడుముకోకుండా మాట్లాడాడు. ఆయన పనిని ఊళ్ళో రోజూ చూశాను కానీ కొత్త మనుషుల మధ్య నిలబడి ఆయన అలా చెప్పడం ఎప్పుడూ వినలేదు. నాకు చాలా గర్వంగా అనిపించింది.

ఆదివారం పొద్దున లాల్‌బాగ్, అక్కడ్నుంచి బసవనగుడి. పరిషెలో ఒక్కో రాశి దగ్గర ఆగి ఒక కాయ తీసుకుని, నలిపి, వాసన చూసి, గింజ పొర రంగు చూసి "ఇది ఎర్రనేల కాయ", "ఇది పూర్తిగా ఆరలేదు" అని చెబుతూ పోయాడు. చింతామణి నుంచి వచ్చిన ఒక ముసలాయన దగ్గర కూర్చుండిపోయాడు. ఇద్దరూ ధరల గురించి, కూలీలు దొరక్కపోవడం గురించి, అడవిపందుల గురించి మాట్లాడుకున్నారు. లేచేటప్పుడు ఆయన దగ్గర ఒక సేరు కొన్నాడు. ఇంటి నిండా మూటలు పెట్టుకుని ఎందుకు నాయనా అంటే "ఆయన దగ్గర కూర్చున్నాం కదా" అన్నాడు. అమ్మ బసవన్న గుడిలో దీపం పెట్టింది, బయటికొచ్చి గాజులు కొనుక్కుంది, పక్కనే దొడ్డ గణపతిని చూసి దండం పెట్టుకుంది. ఆ తరవాత దోశ. మసాలా దోశ మీద వెన్న చూసి నాయన మొదట అనుమానంగా చూశాడు, తరవాత ఇంకొకటి చెప్పాడు.

ఎక్కువ డబ్బు ఖర్చు కాలేదు. మెట్రో, ఆటో, తిండి, గాజులు, చెనక్కాయలు.

రోజూ సాయంత్రం నేను వచ్చేసరికి ఇద్దరూ బాల్కనీలో కుర్చీల్లో కూర్చుని ఉంటారు, నన్ను చూసి నాయన లేచి తన కుర్చీ ఇచ్చి గడప మీద కూర్చుంటాడు. మూడో కుర్చీ కొంటానంటే వద్దంటాడు. ఆ కాసేపూ ఏ రోజు కూరలు ఎంతో, ఎదురింటి ధర్మవరం వాళ్ళు ఏమన్నారో అన్నీ వింటాను. చెన్నై నుంచి రాసినవారు చెప్పినట్టు ల్యాప్‌టాప్ సంచీలోంచి తీయడం లేదు.

ఇందిరానగర్_ఇడ్లీ · సోమవారం రాత్రి 11:30

మీ పోస్టు మా అమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. సంక్రాంతి తరవాత తనూ వస్తానంటోంది. జనవరిలో ఇక్కడ ఏముంటుంది? పెద్దవాళ్ళకు నచ్చేవి చెప్పండి.

గౌరిబిదనూరు_గాలి · మంగళవారం ఉదయం 7:40

సంక్రాంతి రోజుకే రాగలిగితే గవిపురం గవి గంగాధరేశ్వర గుడి. ఆ సాయంత్రం సూర్యకిరణాలు నంది కొమ్ముల మధ్య నుంచి వెళ్ళి శివలింగం మీద పడతాయి, రాతి గుహలో గుడి అది. జనం బాగా ఉంటారు. తరవాత వస్తే రిపబ్లిక్ డే ముందు లాల్‌బాగ్ పూల ప్రదర్శన. జనవరిలో అవరేకాయి మేళా కూడా పెడతారు, అనపకాయ గింజలతో దోశ, ఉప్మా, స్వీట్లు, ఇంకా ఏవేవో చేసి అమ్ముతారు.

వరంగల్_పోరడు · మంగళవారం ఉదయం 9:05

కదిరి అక్కా, ఆదివారం పరిషెలో మిమ్మల్ని కలిసినప్పుడు అమ్మగారు టిఫిన్ డబ్బాలోంచి రొట్టెతో పాటు పెట్టిన ఆ పచ్చడి ఏంటి? మా రూమ్‌లో ఇంకా దాని గురించే మాట్లాడుకుంటున్నారు. కొలత చెప్పమనండి ప్లీజ్.

కదిరి_మల్లె · మంగళవారం రాత్రి 8:30

అది ఊరుబిండి తమ్ముడూ. అమ్మ పక్కన కూర్చుని చెబుతోంది, నేను టైప్ చేస్తున్నా. చెనక్కాయ గింజలు ఒక గ్లాసు, సన్నమంట మీద మాడకుండా వేయించి పొట్టు ఊదేయాలి. గుప్పెడు పచ్చిమిరపకాయలు కొంచెం నూనెలో మగ్గించాలి, అందులోనే నిమ్మకాయంత చింతపండు, కొంచెం కొత్తిమీర వేసి దించాలి. ముందు మిరపకాయలు, ఉప్పు, చింతపండు నూరి, తరవాత గింజలు వేసి కచ్చాపచ్చాగా దంచాలి. మెత్తగా చేస్తే అది చట్నీ అవుతుంది, ఊరుబిండి కాదు అంటోంది. చివర్లో పచ్చి ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి ఒక దంపు. వేడి సంగటిలోకి, నెయ్యి వేసుకుని. రొట్టెకూ బాగుంటుంది.

వరంగల్_పోరడు · మంగళవారం రాత్రి 8:40

రోలు లేదక్కా, మిక్సీనే ఉంది. పనికొస్తుందా?

కదిరి_మల్లె · మంగళవారం రాత్రి 8:45

వస్తుందట. ఆపి ఆపి తిప్పాలి, నీళ్ళు మాత్రం చుక్క కూడా పోయొద్దంటోంది. గింజలు కొనకండి, నాయన మీ కోసం ఒక సంచీ పక్కన పెట్టాడు. గురువారం పొద్దున బయల్దేరుతున్నారు, రేపు సాయంత్రం ఏడు తరవాత వచ్చి తీసుకెళ్ళండి. భోజనం ఇక్కడే.